గండయ్యన్న బండి ఎత్తు

మగవాళ్ల ఈర్ష్య నాకు కొత్త కాదు. పక్కవాడు రెండో అంతస్తు వేస్తే నిద్రపట్టని వాళ్లను, తమ్ముడు కొత్త మోటారుసైకిల్ కొంటే మాటలు మానేసిన వాళ్లను మా కాప్రాలో చాలామందినే చూశాను. కానీ పెళ్లీడుకొచ్చిన పిల్లలుండి కూడా, కట్టుకున్న భార్య పొద్దున డ్యూటీకి వేరేవాడి వ్యాన్ ఎక్కిందని అన్నం సహించక చిక్కిపోయిన మనిషిని మాత్రం ఒక్క గండయ్యన్ననే చూశాను. అప్పట్లో మేమంతా ఆయన్ను చూసి పడిపడి నవ్వేవాళ్లం. నా నవ్వులో కొంచెం కడుపుమంట కూడా ఉండేది. మా ఆయనకు నేను డ్యూటీకి బండెక్కి పోతానో నడిచి పోతానో కూడా తెలియదు మరి.

గండయ్యన్నది కాప్రా పాత ఊరు. వాళ్ల నాయన చెరువు కింద వరి వేసేవాడు. పొలాలన్నీ ప్లాట్లయ్యాక గండయ్యన్న స్టీరింగ్ పట్టుకున్నాడు. కొన్నాళ్లు నాచారం ఫ్యాక్టరీలకు లారీ నడిపి, తర్వాత సొంతంగా ఒక తెల్ల వ్యాన్ కొన్నాడు. పొద్దున్నే జవహర్‌నగర్ పోయి అక్కడి ఆడవాళ్లను ఎక్కించుకుని, వస్తూ వస్తూ కాప్రా మూలమీద మమ్మల్ని ఎక్కించుకుని, నాచారంలో మా మసాలా ప్యాకింగ్ కంపెనీ గేటు ముందు దింపేవాడు. సాయంత్రం మళ్లీ అదే దారి. ఆయన భార్య సక్కుబాయి వదిన కూడా మా కంపెనీలోనే కారం ప్యాకెట్లకు సీలు వేసేది. ఆ పక్క మిషన్ నాది.

బండిలో డ్రైవర్ పక్క సీటు వదినది. ఎంతమంది ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నా ఆ సీటులో ఇంకొకరు కూర్చునేది లేదు. వదినకు జ్వరమొచ్చి ఇంట్లో ఉండిపోయిన రోజు కూడా గండయ్యన్న తన తువ్వాలు మడిచి ఆ సీటులో పెట్టుకుని నడిపేవాడు. ఒకసారి నేను, "తువ్వాలు తీస్తే కూసుంటనన్నా, నడుము వట్టేసింది" అన్నాను. "తువ్వాలు అలిసిపోయింది, కూసోనియ్యి" అన్నాడు. అంతే, మళ్లీ అడగలేదు.

మనిషి మంచివాడే, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. తలుపు గట్టిగా వేస్తే బండి ఆపి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి, తలుపు ఎలా వెయ్యాలో చూపించి పోయేవాడు. సమ్మెల్లో బస్సులు బందైనప్పుడు మాత్రం మమ్మల్ని ఒక్క రోజు కూడా ఇంట్లో కూర్చోనివ్వలేదు. ఏ సందులోంచి ఏ సందులోకి తిప్పేవాడో, మేం గేటుకు చేరేవాళ్లం.

ఆ బండి ఎక్కడమే పెద్ద పని. ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని, కుడిచేత్తో చీర పిక్కల దాకా ఎత్తి, మోకాలు పొట్టకు తగిలేలా కాలు పైకి వేసి, వెనకనుంచి ఎవరైనా నెడితే లోపల పడేవాళ్లం. మా కంపెనీలో ఊడ్చే సారలమ్మ అవ్వకు అదీ చేతకాలేదు. "బిడ్డా, ఒక పీట పెట్టరాదు, నేను గూడ ఎక్కుత" అని ఆమె ఒకసారి బతిమాలింది. గండయ్యన్న నవ్వి, "పీట ఎందుకవ్వా, నిచ్చెన తెస్త తీ" అన్నాడు. అవ్వ ఆ రోజూ నడిచే వచ్చింది, సమ్మె అయినన్ని రోజులూ నడిచే వచ్చింది. మేమెవరమైనా ఎత్తు గురించి నోరెత్తితే ఆయన దగ్గర ఒకటే జవాబు ఉండేది. "కంపెనోడు జేసిన ఎత్తు. నేనేమన్న బండికి కాళ్లు అతికిచ్చిన్నా?"

ఆ మాట నిజమేనని అందరం అనుకున్నాం. మూలమీద ఆగే వ్యాన్లన్నీ అంతే ఎత్తుండేవి కదా.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్విపెట్టిన ఏడాది జనగామ వైపు నుంచి బాలరాజు వచ్చాడు. ముప్పై నిండని పిల్లవాడు. ఒంటరిగా గది తీసుకుని ఉండేవాడు. జేబులో దువ్వెన, ఇస్త్రీ చొక్కా, ప్రతి ఆడమనిషినీ అక్కా అని పిలిచే నోరు. అతనిదీ తెల్ల వ్యానే. గండయ్యన్నది ఏ కంపెనీయో అదే కంపెనీ, అదే రకం. కాకపోతే అతని బండి మా వ్యాన్ల వరసలో ఆగితే పక్క బండ్ల కంటే బెత్తెడు కిందికి కనిపించేది. మొదటి రోజే సారలమ్మ అవ్వ గడప దాటినట్టు కాలు లోపలపెట్టి కూర్చుంది. కూర్చుని, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇగ సచ్చేదాక గీ బండే నాది" అంది.

ఒక్కొక్కరే బండి మారారు. నేనూ మారాను. మోకాళ్లు నావి, మొహమాటం ఎందుకు? గండయ్యన్న మమ్మల్ని గుర్రుగా చూశాడు గానీ పెద్దగా పట్టించుకోలేదు. జవహర్‌నగర్ వాళ్లు ఇంకా ఆయన దగ్గరే ఉన్నారు. ముందు సీటులో వదిన ఉంది. అది ఉన్నంత కాలం ఆయనకు బండి నిండినట్టే.

వానాకాలం ఒక పొద్దున ఆ సీటు ఎక్కబోయి వదిన కాలు జారింది. మోకాలు పోయి ఇనుప అంచుకు కొట్టుకుంది. నేను పక్క బండిలోంచి చూస్తూనే ఉన్నాను. నొప్పికి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. గండయ్యన్న స్టీరింగ్ మీద చేతులు తీయకుండానే, "సూసి ఎక్కరాదు?" అన్నాడు. వదిన వారం పాటు పసుపు, సున్నం కలిపి పట్టు వేసుకుని కుంటుతూ ఆ సీటే ఎక్కింది. తర్వాత సోమవారం గండయ్యన్న బండి వచ్చి మూలమీద ఆగింది. అలవాటుగా పక్కకు వంగి ముందు తలుపు తెరిచాడు. వదిన ఆ తలుపు ముందునుంచి నడుచుకుంటూ వచ్చి బాలరాజు బండి ఎక్కింది.

"మోకాలు నొస్తుంది. గీ బండి కిందికున్నది," అంది, అందరికీ వినపడేలా.

గండయ్యన్న తెరిచిన తలుపును అలాగే పట్టుకుని చాలాసేపు ఉండిపోయాడు. వెనక బండ్లు హారన్లు కొడితే గానీ కదల్లేదు.

ఆ రోజు నుంచి మొదలైంది. నాచారం దాకా మా వెనకే వచ్చేవాడు. మేం ఆగితే ఆగేవాడు, కదిలితే కదిలేవాడు. మా వెనక అద్దంలోంచి ఆయన ముఖం కనిపించేది, మాడిపోయిన పెనంలా. ఒకరోజు కారం తుమ్ములమీద నేనేదో అంటే వదిన పగలబడి నవ్వింది. సాయంత్రం గండయ్యన్న నన్ను గేటు దగ్గర పట్టుకున్నాడు.

"సూర్యకళా, ఏమన్నడు వాడు?"

"ఎవరన్నా?"

"గదే, ఆ దువ్వుకునేటోడు. ఏమంటే గంతగనం నవ్విందామె?"

"అన్నది నేను," అన్నాను. నమ్మలేదు. నమ్మితే ఆయనకేం మిగులుతుంది?

బండికి ఎర్ర సీటు కవర్లు వేయించాడు. అద్దానికి మల్లెపూల దండ కట్టాడు, రోజూ తాజాది. వదినకు ఇంట్లో ఎన్నడూ మూర పూలు తేని మనిషి! పాటల పెట్టె పెట్టించాడు. ఊదుబత్తుల పొగకు జవహర్‌నగర్ ఆడవాళ్లు దగ్గుతూ దిగేవాళ్లు. ముందు సీటులో మాత్రం ఎవరినీ కూర్చోనివ్వలేదు. తువ్వాలు మళ్లీ వచ్చి కూర్చుంది.

ఇంట్లో సంగతులు మిషన్ దగ్గర వదినే చెప్పేది. ఒకరోజు బాలరాజు ఉత్త మజ్జిగన్నం తింటుంటే చూడలేక మర్నాడు ఒక చిన్న డబ్బాలో మామిడికాయ తొక్కు తెచ్చి ఇచ్చిందట. రాత్రి గండయ్యన్న అన్నం ముందు కూర్చుని జాడీ మూత తీసి, లోపలికి చూసి, "నా జాడీల తొక్కు తగ్గింది" అన్నాడట. వదిన దాచకుండా చెప్పింది. ఆయన కంచం జరిపేసి బయట మంచం మీద పోయి పడుకున్నాడు.

"తొక్కు ఎన్నడన్న అడిగి తిన్నడా? ఇప్పుడు జాడీకి కావలి కూసుంటుండు" అని వదిన చెప్పి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో జాడీకి జాడీ మాయమైనా అడిగే దిక్కు లేదు.

అన్నిటికంటే ఆయన్ను మండించింది ఒక పిలుపు. వదిన బాలరాజును తమ్మీ అనేది. అక్క మొగుడు బావే కదా అని ఆ పిల్లవాడు ఒకరోజు టీ బండి దగ్గర, "బావా, చాయ్ తాగుదాం రా" అన్నాడు. గండయ్యన్న తాగుతున్న నీళ్ల గ్లాసు కింద పెట్టేశాడు. "ఎవనికిరా బావ? మా అత్తకు ఒక్కతే బిడ్డ!" అన్నాడు. టీ బండివాడి దగ్గర్నుంచి అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆయన ఒంటికి కారంలా అంటుకుంది.

అప్పుడే ఎవరో డ్రైవర్ ఆయన చెవిలో వేశాడు, బాలరాజు బండి దించాడని. దించడమంటే ఇదీ. వ్యాను చక్రాల దగ్గర వంపు తిరిగిన ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టి ఉంటాయి. దాన్ని కమాన్ అంటారు. బండి బరువంతా దాని మీదే. అందులో ఒక పట్టీ తీసేసినా, వంపు కొట్టి చదును చేసినా బండి కిందికి దిగుతుంది. అలా దించిన బండి గుంతల్లో పొట్ట కొట్టుకుంటుంది, తనిఖీలో దొరికితే నిలబెట్టేస్తారు. గండయ్యన్నకు ఇవేవీ పట్టలేదు. ఆయనకు ఒక్కటే అర్థమైంది.

"నా పెండ్లాం ఎక్కాల్నని దించిండు!"

ఆ రాత్రి వదినతో పెద్ద గొడవ. "దొంగ బండి అది. మోసం జేసి దించిండు" అని ఆయన, "దించితే దించిండు, నా మోకాలికి తెలుసు ఏది మంచి బండో" అని ఆమె. చివరికి ఆయన గొంతు తగ్గించి అడిగాడట. "దించిండని నలుగుర్ల రుజువు జేస్త. అప్పుడు నా బండెక్కుతవా?"

"రుజువు జేస్తే ఎక్కుత. ముందు సీట్లనే కూసుంట," అందట వదిన.

ఇక ఆయనకు వేరే పని లేదు.

శనివారం సాయంత్రం షిఫ్టు వదిలారు. మేమంతా బాలరాజు బండిలో ఎక్కి కూర్చున్నాం. బాలరాజు టీ తాగుతున్నాడు. వదిన కిటికీలోంచి కిందికి చూసి, నా మోచేయి పొడిచింది. వెనక చక్రం పక్కన రెండు కాళ్లు బయటికి ఉన్నాయి. ఒక చెప్పుకు నీలం పట్టీ, ఒక చెప్పుకు నల్ల పట్టీ. ఆ జత ఊళ్లో ఇంకెవరికీ లేదు.

బాలరాజు వచ్చి తాళంచెవి పెట్టబోయాడు. "తమ్మీ, జర ఆగు" అంది వదిన నిదానంగా. "బండి కింద మీ బావ ఉన్నడు."

బాలరాజు దూకి పోయి వంగి చూశాడు. గండయ్యన్న నడుముకు మట్టి, చెంపకు గ్రీజుతో పాకుతూ బయటికి వచ్చాడు. జాన పట్టిన చెయ్యి ఇంకా చాచే ఉంది. పట్టీలు లెక్కపెడదామని దూరి, అవి తేలక, చక్రం నడిమధ్య నుంచి పైన రేకు అంచు దాకా జానలతో కొలిచాడట. నేల నుంచి కొలిస్తే టైరులో గాలి తక్కువుంటే లెక్క తప్పుతుందని ఆయనకు తెలుసు.

"నాది రెండు జానలు, మీద నాలుగు వేళ్లు. నీది రెండు జానలు గూడ నిండలే! నాలుగు వేళ్లు యాడికి పోయినయ్ రా?" అన్నాడు చెయ్యి అందరికీ చూపిస్తూ.

"మేమింతమంది ఎక్కి కూసున్నం గదన్నా, బండి కుంగదా?" అన్నాను నేను.

చాచిన జాన చాచినట్టే ఉండిపోయింది. ఆ సంగతి ఆయనకు తట్టనేలేదు. ఈర్ష్య మనిషికి కళ్లు ఇస్తుంది గానీ చుట్టూ చూడనివ్వదు. బండిలో నవ్వులు. వదిన మాత్రం నవ్వలేదు. ఆయన మెడ మీద మట్టిని చూస్తూ కూర్చుంది.

బాలరాజుకు కోపం రావాల్సింది. రాలేదు. "రేపు ఐతారం. ఖాళీ బండి దెస్త. ఉప్పల్ల మొగిలయ్య మామ కాడ సూపిద్దాం. ఆయన దించిండంటే నేను మూలమీదికే రాను బావా" అన్నాడు. ఆ బావ అనకుండా ఉంటే సరిపోయేది.

మొగిలయ్య నాకు సొంత మేనమామ. ఉప్పల్‌లో వరంగల్ రోడ్డు పక్కన ఆయన కమాన్ షెడ్డు. పెళ్లికి ముందు నేను అక్కడే పెరిగాను. చుట్టుపక్కల నడిచే వ్యాన్లన్నిటికీ కమాన్ కట్టింది ఆయనే. ఆదివారాలు మామకు అన్నం నేనే పట్టుకుపోయేదాన్ని. ఆ ఆదివారం పప్పుచారు ఇంకా వేడి తగ్గకముందే బయలుదేరాను. చూడకుండా ఎలా ఉంటాను? వదిన మాత్రం రానంది. "నా మోకాలు ఎప్పుడో జెప్పింది, మీ మామ జెప్పేదేంది?" అంది.

నేను వెళ్లేసరికి రెండు బండ్లూ షెడ్డు ముందు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. బండ్లలో ఎవరూ లేరు, టైర్లలో గాలి సరిచూశారు. మామ కొలిమి దగ్గర్నుంచి లేవకుండానే ఒక్క చూపు చూశాడు.

"దించిండు. కండ్లకు కనవడ్తలేదా?"

గండయ్యన్న ముఖం ఎలా వెలిగిందో చెప్పలేను. మీసం మీదికి చెయ్యి పోయింది. "ఇగ ఏమంటవ్?" అన్నాడు బాలరాజుతో. "అక్కా అక్కా అనుకుంట బండి దించుకుంటవా? నా బండ్లె సీటు ఖాళీ జేస్తవా?"

బాలరాజు తెల్లబోయాడు. "మామా, కిందికెళ్లి సూడు. నేను ముట్టలే" అన్నాడు.

మామ గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరాడు. చాలాసేపు బయటికి రాలేదు. మొదట బోల్టులను రుద్దిన చప్పుడు వినిపించింది. తర్వాత అదీ లేదు. గండయ్యన్న ఒక కాలిమీద నుంచి ఇంకో కాలిమీదికి బరువు మారుస్తూ నిలబడ్డాడు.

మామ బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. ఆయన ముఖంలో నేనెన్నడూ చూడని అయోమయం. "బోల్టులకు కంపెనీ రంగు అట్లనే ఉన్నది. ఎవ్వడు ఇప్పలే. పట్టీ తీస్తే జాగ తెలుస్తది, తెలుస్తలేదు. వంపు కొట్టిన సుత్తెదెబ్బ లేదు. ఇరుసు తగలకుండ పైన రబ్బరు ముద్ద ఉంటది సూడు, అది గూడ నలగలే. దించిన బండి కాదిది."

"మరి కిందికెందుకున్నది?" అన్నాడు గండయ్యన్న.

"గదే నాకు సమజైతలేదు," అన్నాడు మామ.

అదే సమయానికి రోడ్డు మీంచి హారన్ కొడుతూ ఒక కొత్త వ్యాన్ వచ్చింది. అదే కంపెనీ, అదే రకం. నుదుట పసుపు కుంకుమలు, బంతిపూల దండ, చక్రాల కింద నలిగిన నిమ్మకాయల తడి ఇంకా ఉంది. షోరూం నుంచి కట్టమైసమ్మ గుడికి, గుడి నుంచి తిన్నగా మామ షెడ్డుకు. మా వైపు అందరూ అంతే. కొత్త బండికి ముందు అమ్మవారి పూజ, ఆ వెంటనే కమాన్‌కు పక్కకొకటి చొప్పున ఎక్కువ వంపున్న రెండు పట్టీలు అదనంగా వేయించడం. జనం ఎక్కువెక్కినా బండి కుంగొద్దని. వేయించకపోతే డ్రైవర్లు వెక్కిరిస్తారు. ఒక్క బరువు మొయ్యకముందే, ఒక్క మనిషి ఎక్కకముందే వేయిస్తారు. జనగామ నుంచి వచ్చిన బాలరాజుకు ఈ ఆచారం ఒకటుందని ఎవరూ చెప్పలేదు.

"మామా, రెండు పట్టీలు ఎయ్యి," అంటూ ఆ బండాయన తెచ్చి బాలరాజు బండి పక్కన నిలబెట్టాడు.

రెండు బండ్లూ సమానంగా ఉన్నాయి. రేకు అంచుకు రేకు అంచు గీత గీసినట్టు.

గండయ్యన్న పోయి కొత్త బండి వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు. నడిమధ్య నుంచి పైకి జాన వేశాడు. ఇంకో జాన వేశాడు. చెయ్యి రేకు అంచుకు తగిలి ఆగింది. లేచి వచ్చి తన బండి దగ్గర కూర్చున్నాడు. రెండు జానలు వేసి, పైన మిగిలిన నాలుగు వేళ్ల సందులో వేళ్లు పెట్టి అలాగే ఉండిపోయాడు.

"నువ్వు బండి దెచ్చిన రోజే ఏసిన గండయ్యా," అన్నాడు మామ నెమ్మదిగా. "అందరికి ఏసినట్లనే నీకు గూడ. కంపెనీ ఎత్తు ఎంతనో నేను గూడ మర్సిపోయిన."

నాకు ఆ రోజు గుర్తుంది. నేనప్పుడు షెడ్డులోనే ఉన్నాను. పూజ అయిన బండిలో ముందు సీటులో వదిన వచ్చింది, కొత్త చీరలో. టక్కున కాలు కింద పెట్టి దిగింది. పట్టీలు వేసేదాకా నా పక్కనే కూర్చుని పల్లీలు తింది. తర్వాత ఎక్కబోతే కాలు అందలేదు. సిగ్గుపడుతూ నిలబడిపోయింది. గండయ్యన్న పరుగెత్తుకుంటూ ఇటువైపు వచ్చి చెయ్యిచ్చి పైకి లాగాడు. ఇద్దరూ ఎంత నవ్వారో! ఆ తర్వాత కూడా కొన్నాళ్లు చెయ్యిచ్చేవాడు. ఎప్పుడు మానేశాడో నాకు తెలియదు, వదినకు తెలిసే ఉంటుంది.

ఇదంతా నేను అక్కడ అనాలా వద్దా అని ఆలోచించాను. నా నోరు ఆగేది కాదు. "అన్నా, బండికి కాళ్లు అతికిచ్చింది నువ్వేనే" అన్నాను.

తిడతాడనుకున్నాను. తల ఎత్తలేదు. బాలరాజు ఏదో అనబోయి మింగేశాడు. బావ అనబోయాడేమో. కాసేపటికి గండయ్యన్న లేచి, మామతో, "ఇప్పు" అన్నాడు.

"ఏందిప్పేది?"

"ఆ రెండు పట్టీలు దియ్యి. నేను యాడికి పోను, ఈడ్నే కూసుంట."

"జనం ఎక్కువెక్కితే కుంగుతది మరి."

"తక్కువ ఎక్కించుకుంట," అన్నాడు. కొత్త బండాయన ఇద్దరి ముఖాలూ చూసి, తనకు పట్టీలు వెయ్యాలా వద్దా తేల్చుకోలేక బీడీ ముట్టించాడు.

సోమవారం పొద్దున కాప్రా మూలమీద వదిన నాకంటే ముందే వచ్చి ఉంది. "రాత్రి రెండు పట్టీలు దెచ్చి వాకిట్ల పెట్టిండు" అని చెప్పింది. "రుజువేమైందంటే నోరు లేదు. పట్టీలు సూసిన. ఒక్కోటి నా చిటికెనేలంత మందం గూడ లేదు. గీటి కోసమా నేను ఇన్నేండ్లు ఎగిరి ఎక్కింది అనుకున్న. తీసి బట్టలుతికే బండ కింద పెట్టిన. బండ కదులుతుండే, ఇప్పుడు మంచిగ కుదిరింది."

గండయ్యన్న బండి వచ్చి ఆగింది. పక్క వ్యాన్ల వరసలో అది పొట్టిగా కనిపించింది. పక్క డ్రైవర్లు ఈలలు వేశారు. ఆయన పట్టించుకోలేదు. తలుపు లోపలినుంచి తెరవలేదు. దిగాడు, బండి ముందునుంచి తిరిగి ఇటువైపు వచ్చాడు, తలుపు తీశాడు. ముందు సీటులో తువ్వాలు లేదు. అందరి ముందూ వదినకు చెయ్యి చాచాడు. గడ్డం గీసుకున్నాడు, చెప్పులు కూడా కొత్త జత.

వదిన ఆ చెయ్యి వైపు చూసింది. బండి వైపు చూసింది.

"ఇప్పుడెందుకు చెయ్యి? బండి కిందికొచ్చింది గదా," అంది.

ఆయన చెయ్యి గాల్లోనే ఉంది. దించుకోవడానికి కూడా తోచలేదు ఆయనకు. వదిన వెనక్కి తిరిగి, బాలరాజు బండి వైపు పోతున్న సారలమ్మ అవ్వను కేకేసి పిలిచి, ఆమె ముడతల చెయ్యి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఈమెకియ్యి. ముందు సీట్ల కూసోబెట్టు. నాకన్న ముందుగాల అడిగింది" అంది.

గండయ్యన్న అవ్వను జాగ్రత్తగా ఎక్కించాడు. కొంగు తలుపులో పడకుండా సర్ది, చప్పుడు కాకుండా తలుపు వేశాడు. వదిన కడ్డీ పట్టుకోకుండా వెనక తలుపులోంచి ఎక్కి, నా చెయ్యి పట్టి లాగి తన పక్కన కూర్చోబెట్టుకుంది. సచ్చేదాకా బాలరాజు బండే అన్న అవ్వ ఎర్ర సీటు కవరు తడిమి చూసుకుంటోంది. బాలరాజు తన బండిలోంచి చెయ్యి ఊపాడు.

బండి కదిలింది. గండయ్యన్న లోపలి అద్దం తిప్పాడు. అది చాల్లేదేమో, మల్లాపూర్ మలుపులో మళ్లీ తిప్పాడు. ఆ అద్దంలో ఆయన కళ్లు మా వైపే ఉన్నాయి. వదిన పక్కన నేను కూర్చున్నందుకు కూడా ఆయనకు మండుతోందని అర్థమైంది.

"వదినా, రేపన్న ముందు కూసోరాదు. పాపం, సూస్తనే ఉన్నడు," అన్నాను చెవిలో.

వదిన కిటికీ వైపు తిరిగి, పెదవులు కదలకుండా అంది. "సూడనియ్యి. ఇంకొక వారం సూడనియ్యి. నాకు మస్తు సంబురమైతుంది."

ఆమె చెవి కింద మెడ ఎర్రబడింది, ఆ కొత్త చీర రోజు ఎర్రబడినట్టే. నాకు ఒళ్లు మండింది. ఆ రాత్రి మా ఆయన ముందు అన్నం పెట్టి, "నేను ఇయ్యాల మల్ల బండి మారిన" అన్నాను.

"ఏ బండి?" అన్నాడు, టీవీ మీంచి కళ్లు తీయకుండా.